మందు ఒకటే, మంట మాత్రం చోటుని బట్టి

పిక్క పట్టేసిందని నొప్పికి రాసే ఆయింట్‌మెంట్ తెచ్చుకున్నాను. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్‌తో చేసింది. రాసి పది నిమిషాలైనా ఏమీ తెలియలేదు. ఇదేం మందు అనుకుని ఇంకాస్త దట్టించాను. అరగంటకి పిక్క హాయిగా వెచ్చబడింది. కానీ మోకాలి వెనక మడతలోకి పాకిన కాస్త మందే నిప్పు పెట్టినట్టు మండింది. మధ్యలో ఉన్నది జానెడు దూరం!

చన్నీళ్లు పోసుకున్నా తగ్గలేదు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. వంటనూనె రాసి మెత్తని గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడిగితే కానీ దారికి రాలేదు.

కాలిందేమోనని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చూసి నవ్వారు. చర్మం కాలలేదు, నరాలు కాలిందనుకుంటున్నాయి అన్నారు. సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించే, నరాల చివర ఉండే గ్రాహకాన్నే (రిసెప్టర్) ఈ మందు కూడా తట్టి లేపుతుందట. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది. మరి ఒకచోట వెచ్చదనం, ఇంకోచోట మంట ఎందుకు? పిక్క మీద కన్నా మడతల్లో చర్మం పలచన, పైగా చెమట, రాపిడి. 1967లో హైడ్రోకార్టిసోన్ మందుతో పరీక్షించి చూస్తే, ముంజేతి కన్నా నుదురు 6 రెట్లు, వృషణాల చర్మం ఏకంగా 42 రెట్లు ఎక్కువ పీల్చుకుందట. మందు వేరైనా చర్మం తీరు అదే కదా. ఆ అంకె విన్నాక తొడ లోపలి వైపు రాసే ఆలోచన వెంటనే మానుకున్నాను.

ఇంత తెలిశాక కూడా ఆ రాత్రే ఇంకో పొరపాటు చేశాను. మందు రాసిన చేతిని ఒక్కసారి కడిగి, కాంటాక్ట్ లెన్స్ తీయబోయాను. వేళ్ల చివర చర్మం దళసరి కాబట్టి వాటికి చురుకే తెలియలేదు. కంటికి మాత్రం బాగా తెలిసింది. గంటసేపు ఏడుస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు గ్లౌజు వేసుకుని, బఠాణీ గింజంత తీసి పిక్క మధ్యలోనే రాస్తున్నాను. మోకాలి మడతకి నాలుగు వేళ్ల దూరంలో ఆపేస్తాను. పైన కట్టు కట్టను, హాట్ బ్యాగ్ పెట్టను. షేవ్ చేసిన రోజు, వేడినీళ్ల స్నానం చేయబోయే ముందు దాని జోలికే పోను. లెన్సులు మాత్రం ట్యూబు మూత తియ్యకముందే తీసేస్తాను.