సైమన్స్ టౌన్ పెంగ్విన్లకూ నట్టలే

కేప్‌టౌన్ నుంచి సైమన్స్ టౌన్ వెళ్లే లోకల్ రైలు చివరి స్టేషన్లలో సముద్రాన్ని ఆనుకునే పోతుంది. దిగి కాస్త నడిస్తే బౌల్డర్స్ బీచ్. ముందు కంపు, ఆ వెనకే ఓండ్రలు. ఆఫ్రికన్ పెంగ్విన్ అచ్చం గాడిదలాగే ఓండ్ర పెడుతుంది. 1982లో ఇక్కడ రెండు జంటలతో మొదలైందట. ఇప్పుడు చెక్క బాట మీద నిలబడితే ఎటు చూసినా పొదల కింద గూళ్లే.

అందరూ పెంగ్విన్ పిల్లల ఫోటోలు తీస్తున్నారు. నా చూపంతా రెట్టల మీదే. పశువైద్యంలో ఉన్నవాణ్ణి, ఏ జీవినైనా ముందు పేడ చూసి పలకరించడం అలవాటు. బాట పక్కనే పొదుగుతున్న పక్షి ఒకటి లేచి, తోక గుంత బయటికి తిప్పి, ముందుకు వంగి తెల్లటి ధార జిమ్మింది. మళ్లీ గుడ్లు సర్దుకుని కూర్చుంది.

నట్టల, అంటే కడుపులో చేరే పురుగుల, ప్రయాణం ఆ ధారతోనే మొదలవుతుంది. ఈ పెంగ్విన్ల చిన్నపేగులో కార్డియోసెఫలాయిడిస్ ఫైసాలిస్ అనే చదును పురుగు కాపురముంటుంది. రెట్టలో పడిన గుడ్లు సముద్రంలో పొదిగి, పిల్లపురుగులు నత్తలో చేరి, అక్కడ బోలెడుగా పెరిగి చేపలకు పాకుతాయి. ఇక్కడి సార్డీన్ చేపల కళ్లలో ఈ కోవ పురుగులే దొరుకుతాయి. అవి ఏ తీరం చేపల్లో ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి, పడమటి తీరం మందలు వేరు, దక్షిణ తీరం మందలు వేరు అని శాస్త్రవేత్తలు తేల్చారు. కంట్లో పురుగుతో చేప జాడ కనిపెట్టడం! ఆ చేపను పెంగ్విన్ మింగితే పురుగు మళ్లీ పేగుకు చేరుతుంది. మన గొర్రెల కార్జంలో చేరే చదును పురుగు, కార్జపు జలగకూ నత్త లేనిదే బతుకు లేదు కదా, అందుకే ఈ కథ నాకు పరాయిదనిపించలేదు.

కడుపునిండా తిన్న పక్షి కొన్ని పురుగులను ఎలాగోలా తట్టుకుంటుంది. ఎక్కువైతే కష్టం. ఇవి ముదిరి పిల్లలు చనిపోయిన సంగతి 1983లోనే శాస్త్రపత్రికకెక్కింది. ఇప్పుడు సార్డీన్, ఆంకోవీ చేపలే కరువయ్యాయి. గూడు కట్టే జంటలు పదివేల లోపుకు పడిపోయి, 2024లో ఈ జాతి అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి వెళ్లింది.

నట్టల మందు తాపిస్తే సరిపోదా? చికిత్స కేంద్రానికి చేరిన పక్షికి తాపించొచ్చు. సముద్రంలో తిరిగేదానికి తర్వాతి చేపతోనే మళ్లీ అంటుతుంది. నా దృష్టిలో దాని మందు కడుపునిండా చేపే. 2025 మార్చిలో కోర్టు ఉత్తర్వుతో ఆరు ప్రధాన పెంగ్విన్ కాలనీల చుట్టూ ఈ చేపల వేటను పదేళ్లు ఆపారు. మండేలాను బంధించిన రాబెన్ ద్వీపం అందులో ఒకటి. అక్కడి పెంగ్విన్ పిల్లల బరువు రానున్న ఏళ్లలో ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నాకు చాలా ఆత్రంగా ఉంది.