ఇంజనీరింగ్ పిల్లలకు ఆంత్రప్రెన్యూర్‌షిప్ నేర్పాను: నా అనుభవం

చివరి గ్రేడ్లు నిన్ననే ఇచ్చేశాను. 12 వారాల కోర్సు, 24 మంది సైన్స్, ఇంజనీరింగ్ విద్యార్థులు, ఆరు జట్లు. ఒక్కో జట్టు ఒక పరికరం చేసి, దాన్ని వ్యాపారంగా ఎలా నిలబెట్టాలో తేల్చుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తుందని వేడివేడిగా రాస్తున్నాను.

జట్లు కట్టడం తేలికే. నలుగురేసి, ఒకే బ్రాంచి వాళ్ళు ఇద్దరికి మించకుండా. బిజినెస్ మోడల్ కాన్వాస్‌కు, అంటే వ్యాపారం ఎలా నడుస్తుందో ఒకే పేజీలో చూపే పట్టికకు, ఒక్క క్లాసు చాలు. అందులో తొమ్మిది గళ్ళుంటాయి. మొదట్లో రెండే నింపించండి: కస్టమర్ ఎవరు, అతనికి మనవల్ల ఒరిగేదేమిటి. మిగతావి కూడా నింపమంటే ఊహలు రాసుకొచ్చి, వాటినే నిజాలనుకుంటారు.

నా తల కొట్టేసినంత పని చేసింది ఇంటర్వ్యూల దశ, అంటే కస్టమర్లు కాగలవాళ్ళను కలిసి మాట్లాడటం. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో మొదలుపెట్టిన ఐ-కోర్ అనే ఆంత్రప్రెన్యూర్‌షిప్ శిక్షణలో ఒక్కో జట్టు ఏడు వారాల్లో 100 మందితో మాట్లాడాలి. మిగతా క్లాసులతో అంత కుదరదని నేను 30 పెట్టాను. మూడో వారానికే అన్ని జట్లూ లెక్క పూర్తిచేశాయి. అడిగినవాళ్ళందరికీ తమ ఆలోచన నచ్చిందన్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆ రోజు వచ్చిన మెంటర్ ఒక్కటే అడిగారు: "ఈ ఇబ్బంది తీర్చుకోడానికి వీళ్ళలో ఇప్పటికే డబ్బు పెడుతున్నవాళ్ళు ఎందరు?" ఒక్క జట్టూ నోరు విప్పలేదు. చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

నోట్సులు తెప్పించుకుని చదివితే తప్పు తెలిసింది. అందరూ ఆన్‌లైన్ ఫారం పంపేశారు. "ఇలాంటి పరికరం వస్తే వాడతారా?" అంటే మొహమాటానికైనా అవుననే అంటారు. శాంపిల్ ఎంత పెద్దదైతే అంత మంచిదని పిల్లలకు ల్యాబ్‌లో అలవాటు. కానీ ఏం అడగాలో ఇంకా తెలియని దశలో ఎంత పెద్ద శాంపిలైనా దండగే.

ఫారాలు మాన్పించాను. ఇద్దరేసి వెళ్ళాలి: ఒకరు అడగాలి, ఒకరు అన్నమాట అన్నట్టే రాయాలి. మొదటి 20 నిమిషాలు తమ పరికరం ఊసెత్తకూడదు. "పోయినసారి ఈ ఇబ్బంది ఎప్పుడొచ్చింది? అప్పుడేం చేశారు? ఎంత ఖర్చయింది?" అనే అడగాలి.

ఒక జట్టు టీకాల పెట్టెకు ఉష్ణోగ్రత లాగర్ (ఉష్ణోగ్రతను కొలిచి నమోదుచేసే పరికరం) చేస్తోంది. సెన్సర్ తేడాను 0.5 డిగ్రీల నుంచి 0.1కి దించడానికే నెల పోసింది. కొత్త పద్ధతిలో వెళ్ళిన రోజు, టీకాల స్టోర్ చూసే ఆమె రిజిస్టర్ తెరిచి చూపించింది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చేత్తో రాసిన అంకెలు, అన్నీ టీకాలకు ఉండాల్సిన 2 నుంచి 8 డిగ్రీల లోపే. "రాత్రి కరెంటు పోతే నాకు తెల్లారాకే తెలుస్తుంది" అంది. ఆమెకు కావలసింది దశాంశం కాదు, అర్ధరాత్రి ఫోను మోగడం. ఆ వారమే జట్టు సెన్సర్ పని పక్కనపెట్టి అలారం మొదలుపెట్టింది. నేను ఎన్ని లెక్చర్లిచ్చినా జరగని పని అది!

ధర కట్టడంలోనూ జాగ్రత్త. విడిభాగాలకు 100 అయితే 130కి అమ్ముతామంటారు. బిగింపు, టెస్టింగ్, తిరిగొచ్చే సరుకు, వారంటీ, సర్టిఫికేషన్, డీలర్ మార్జిన్ కలిపితే అమ్మకం ధర మూడు నాలుగింతలైనా ఆశ్చర్యం లేదు. ఈ పట్టిక వాళ్ళచేతే వేయించండి.

చివరి డెమోకు బయటివాళ్ళను పిలిచేముందు పేటెంట్ సంగతి తేల్చుకోండి. బహిరంగంగా చూపించాక దరఖాస్తు చేయడానికి అమెరికాలో ఏడాది గడువుంది, యూరప్‌లో మామూలుగా ఆ వెసులుబాటు లేదు.

ఇక మార్కులు. రాతపరీక్ష లేకపోతే కోర్సే కాదని కమిటీ పట్టుబట్టింది. కస్టమర్ ముందు కూర్చోవడం మూడు గంటల పేపర్లో ఎలా కొలుస్తారో వాళ్ళే చెప్పాలి. పోట్లాడితే రాతపరీక్ష 20కి దిగింది. ఇంటర్వ్యూ నోట్సుకు 40, ఖర్చుల పట్టికకు 20, డెమోకు 20. నోట్సు మార్కులు మాత్రం వారం వారం వేయండి. చివర్లో ఒకేసారి వేస్తామంటే ముందురాత్రి కూర్చుని కల్పించి రాస్తారు.