రక్తంలో ఇన్ఫెక్షన్, ఏడు రోజుల మందు

మూత్రంలో మంట, కుడివైపు నడుము పైభాగంలో నొప్పి ముందునుంచే ఉన్నాయి. ఆ రాత్రి వచ్చిన చలి మాత్రం మామూలు జ్వరం చలి కాదు. దుప్పట్ల మీద దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకున్నాయి, గ్లాసు పట్టుకోవడానికి కూడా చేతులు స్వాధీనంలో లేవు.

ఆస్పత్రిలో యాంటీబయాటిక్ ఎక్కించే ముందే నర్సు రెండు చేతుల నుంచి విడివిడిగా రక్తం తీశారు. ఒక్కో చేతి రక్తం రెండు సీసాల్లోకి వెళ్లింది. ఒకటి ఆక్సిజన్ ఉంటే పెరిగే బ్యాక్టీరియా కోసం, రెండోది ఆక్సిజన్ లేకుండా పెరిగే వాటి కోసం. సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. ఇంత ఎందుకని అడిగితే, రక్తంలో బ్యాక్టీరియా చాలా పలచగా ఉంటుందని, తక్కువ తీస్తే దొరకకపోవచ్చని చెప్పారామె. చర్మం మీది క్రిమి పొరపాటున ఒక సీసాలో పడినా, రెండో చేతి రక్తంతో పోల్చి చూస్తే తెలిసిపోతుందట. వణుకుతున్న నా చేతిని ఒడిలో పెట్టుకుని ఇదంతా ఓపిగ్గా చెప్పారు. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలైంది. రక్తంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఈ. కోలి అనే బ్యాక్టీరియా పెరిగింది, మూత్రంలోనూ అదే. రక్తంలో బ్యాక్టీరియా అనగానే ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోయాయి. నేనూ భయపడ్డాను.

జ్వరం దిగి, స్కాన్‌లో రాయి గానీ చీముగడ్డ గానీ లేదని తేలాక డాక్టర్ చెప్పిన మాట నన్ను మరింత కలవరపెట్టింది: మొత్తం ఏడు రోజుల మందు చాలు. అంత పెద్ద జబ్బుకు ఇంతేనా? కనీసం రెండు వారాలైనా వాడాలి కదా అన్నాను.

ఆయన విసుక్కోలేదు. 2024లో వెలువడిన బ్యాలెన్స్ అధ్యయనం గురించి చెప్పారు. ఏడు దేశాల్లో, రక్తంలో బ్యాక్టీరియా ఉన్న 3,608 మంది రోగుల్లో కొందరికి 7 రోజులు, కొందరికి 14 రోజులు మందిచ్చి చూశారు. 90 రోజుల్లోపు మరణాలు మొదటి వర్గంలో 14.5 శాతం, రెండో వర్గంలో 16.1 శాతం. తక్కువ రోజులు వాడినవారికి అదనపు నష్టమేమీ కనిపించలేదు. మరణాల శాతం విని గుండె ఝల్లుమంది. అందులో ఐసీయూలో ఉన్నవారు కూడా ఉన్నారని చెప్పాకే కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

అయితే ఇది అందరికీ వర్తించదని ఆయన గట్టిగా చెప్పారు. రక్తంలో ఉన్నది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అయితే లెక్క వేరు. ఆ రోగులను ఈ అధ్యయనంలో చేర్చనేలేదు. దానికి గుండె ఎకో తీయాలి, రక్తంలో బ్యాక్టీరియా పోయిందని మళ్లీ కల్చర్ చేసి చూడాలి, ఆ తర్వాత కూడా కనీసం 14 రోజులు మందు ఇవ్వాలి. కృత్రిమ గుండె కవాటం ఉన్నా, రోగనిరోధక శక్తి బాగా తగ్గినా, చీము బయటికి తీయలేకపోయినా ఏడు రోజుల మాట ఎత్తరు. నాకు ఇవేవీ లేవు, ఇన్ఫెక్షన్ ఎక్కడ పుట్టిందో తెలుసు, మందు త్వరగా పనిచేసింది. అందుకే ఏడు. ఆ లెక్క కూడా బ్యాక్టీరియాపై పనిచేసే మందు మొదలైన రోజు నుంచే.

బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు వచ్చాక సూది తీసేసి సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలకు మార్చారు. నోటితో మింగినా అది రక్తంలోకి బాగా చేరుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి మాత్రం వేసుకోకూడదు. వాటితో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు. మడమ వెనుక, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులో నొప్పి పుడితే వెంటనే ఫోన్ చేయమన్నారు. ఇలాంటి జాగ్రత్తలు ప్రతి రోగికీ కాగితం మీద రాసివ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. జ్వరంలో విన్నది సగం గుర్తుండదు.

చివరి మాత్ర వేసుకున్నాక కూడా నీరసం వారాల తరబడి వదల్లేదు. మెట్లెక్కితే కాళ్లు లాగేవి, మధ్యాహ్నానికే కళ్లు మూతపడేవి. మందు పొడిగించమని ఇంట్లోవాళ్లు పట్టుబట్టారు. డాక్టర్ మళ్లీ పరీక్షించి, జ్వరం లేదు, మూత్రంలో మంట లేదు, ఇది కోలుకునేటప్పుడు ఉండే బలహీనతేనన్నారు. ఇంకో యాంటీబయాటిక్ రాయలేదు. చలి జ్వరం తిరిగొస్తే మాత్రం ఏ వేళలోనైనా రమ్మన్నారు. మళ్లీ రాలేదు.