పాతిక మందికి పాస్తా బేక్: సాస్ జారుగా ఉండాలి

పాతిక మంది భోజనానికి వస్తుంటే కిలోన్నర పాస్తా సరిపోతుంది, అంటే అరకిలో ప్యాకెట్లు మూడు. మనిషికి 60 గ్రాములు. వినడానికి తక్కువే గానీ ఉడికాక రెట్టింపవుతుంది, పైన కైమా, రెండు సాసులు, చీజ్ చేరతాయి. పక్కన గార్లిక్ బ్రెడ్ పెడితే మిగిలినా మిగులుతుంది.

గీతలున్న పెన్నే, అంటే గొట్టాల్లాంటి పాస్తా కొనండి, సాస్ ఆ గీతల్లో నిలుస్తుంది. ప్యాకెట్ మీద డ్యూరమ్ వీట్ సెమోలినా (గట్టి గోధుమల రవ్వ) అని ఉందో లేదో చూడండి. మైదాతో చేసిన చౌకరకం రెండోసారి వేడి తగిలేసరికి విచ్చుకుపోయి ముద్దవుతుంది.

టమాటాలు 3 కిలోలు. బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్‌కి వెళ్తే నాటు టమాటాల జోలికి పోకండి. పప్పుకి, చారుకి అవే బంగారం, ఇక్కడ మాత్రం పులుపెక్కువ, నీళ్లెక్కువ. గట్టిగా, కండపట్టి ఉన్న హైబ్రిడ్ రకం తీసుకోండి. వెడల్పాటి గిన్నెలో 150 మిల్లీలీటర్ల నూనె వేసి, సన్నగా తరిగిన అరకిలో ఉల్లిపాయలు, రెండు పెద్ద వెల్లుల్లి గడ్డలు వేయించాలి. కిలో కైమా అందులో వేసి నీరంతా ఇగిరి అడుగున చిటపటలాడేదాకా వదలకూడదు. అప్పుడు టమాటా గుజ్జు పోసి, మూత లేకుండా నలభై యాభై నిమిషాలు మరిగించాలి. అంచుల్లో నూనె తేలిందంటే అయినట్టే, మన కూరకున్న గుర్తే దీనికీ. పులుపు నాలుక్కి తగిలితే చెంచాడు పంచదార వేయండి. ఎండు ఒరిగానో ఒక పెద్ద చెంచా చాలు. బేసిల్ దొరకలేదని పెరట్లో తులసి కోసి వేస్తే మాత్రం కషాయం వాసనే వస్తుంది.

కారం సంగతి. ఇటాలియన్ వంట కదా అని చప్పగా చేస్తే మనవాళ్లు ఆవకాయ జాడీ కోసం చూస్తారు. పాలు, చీజ్ కలిపి కారాన్ని బాగా అణిచేస్తాయి కాబట్టి సాస్ రుచి చూసినప్పుడు కొంచెం ఎక్కువైందనిపించాలి. గుంటూరు 334 రకం కారమైతే మూడు టీస్పూన్లు, తేజ అయితే ఒకటిన్నర దగ్గర ఆగండి. ఉప్పు మాత్రం తక్కువగానే ఉంచండి, చీజ్‌లోనూ పాస్తా నీళ్లలోనూ అది ఉండనే ఉంది.

పాస్తాని ఒకేసారి ఉడకబెట్టొద్దు. అన్ని నీళ్లు ఇంటి పొయ్యి మీద మరిగేసరికి తెల్లారుతుంది. ఐదు లీటర్ల నీళ్లలో 50 గ్రాముల ఉప్పు వేసి, అదే నీళ్లలో అరకిలో చొప్పున మూడు వాయిలు వండండి. ప్యాకెట్ మీద 11 నిమిషాలంటే ఏడున్నరకే తీసేయాలి. ఒక పెన్నేని చాకుతో అడ్డంగా కోస్తే మధ్యలో తెల్లటి చుక్క కనపడాలి. దమ్ బిర్యానీకి బియ్యాన్ని పలుకు మీద వార్చడం తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వార్చాక చన్నీళ్లతో కడగొద్దు, పైనున్న జిగురు పోతే సాస్ జారిపోతుంది. కాస్త నూనె రాసి పళ్లెంలో పరిచేయండి. ఆఖరి వాయి గంజి లీటరుకి తక్కువ కాకుండా దాచుకోండి.

వైట్ సాస్‌కి లీటరున్నర ఫుల్ క్రీమ్ పాలు, 75 గ్రాముల వెన్న, 75 గ్రాముల మైదా. వెన్నలో మైదాని సన్నసెగ మీద రెండు నిమిషాలు వేయించి, రంగు మారకముందే పాలు కొద్దికొద్దిగా పోస్తూ మజ్జిగ కవ్వంతో చిలకండి, ఉండలు కట్టదు. గరిటె వెనకాల పల్చటి పూతలా నిలిస్తే దించేయొచ్చు. చిటికెడు జాజికాయ పొడి. దీన్ని టమాటా సాస్‌లో కలిపి మరిగించకండి, పులుపుకి పాలు విరిగినట్టవుతాయి. వరసలుగానే వేయాలి.

ఇక అసలు కిటుకు. పాస్తా, కైమా సాస్ కలిపాక గంజి పోస్తూ పోండి. గరిటెతో పక్కకి నెడితే ఖాళీ అయిన చోట సాస్ మడుగు కట్టాలి. "అయ్యో, నీళ్లైపోయిందే" అనిపించినప్పుడే సరిగ్గా ఉన్నట్టు. అరవంతు ఉడికిన పాస్తా ఆ తడంతా ఓవెన్‌లో తాగేస్తుంది. గిన్నెలోనే ముచ్చటగా కనపడిన పాస్తా ట్రేలోంచి దిబ్బరొట్టెలా తెగుతుంది.

9×13 అంగుళాల ట్రేలు మూడు కావాలి, లోతు రెండున్నర అంగుళాలైనా ఉండాలి. కొనేముందు ఓటీజీ (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్) లోపల టేపు పెట్టి కొలవండి. ట్రే పడుతుంది, దాని చెవులు పట్టవు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అడుగున గరిటెడు సాస్, పైన పాస్తా, వైట్ సాస్, మళ్లీ పాస్తా, వైట్ సాస్, ఆపైన ట్రేకి 250 గ్రాముల చొప్పున తురిమిన మొజరెల్లా. ప్రాసెస్డ్ చీజ్ కొంచెం కలిపితే రుచే, అదొక్కటే వేస్తే తీగలు సాగదు.

పెద్ద ఓటీజీని 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టండి. 180 డిగ్రీల దగ్గర పావుగంట ముందుగా వేడిచేసి, లోపలివైపు నూనె రాసిన ఫాయిల్ కప్పి 25 నిమిషాలు, తీసి 15 నిమిషాలు. ఒక్కో ట్రే చొప్పున రెండు గంటలు పడుతుంది కాబట్టి మూడింటినీ ముందు ఫాయిల్‌తో కానిచ్చి, వడ్డించేముందు వరసగా ఎర్రబెట్టుకోండి. తెలిసిన బేకరీవాళ్లు బ్రెడ్డు వాయి దిగాక చోటిస్తే ఇంకా హాయి, కానీ అక్కడ సెగ ఎక్కువ, ట్రే కింద ఇంకో రేకు పెట్టమనండి.

శాకాహారుల ట్రేకి కైమా బదులు పుట్టగొడుగులు. వాటి నీరు పూర్తిగా ఇగరకపోతే ట్రే చెరువవుతుంది. టమాటా సాస్ కూడా ఆ ట్రేకి కైమా వేయకముందే విడిగా చేసుకోవాలి.

ముందురోజే పేర్చి ఫ్రిజ్‌లో పెట్టేటట్టయితే ట్రేకి ఇంకో గ్లాసు గంజి పోయండి, కాల్చే సమయం ఇరవై నిమిషాలు పెంచండి. గాజు ట్రేని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగులుతుంది. బయటికి తీశాక పావుగంట ఆగి కోస్తే ముక్క నిలుస్తుంది. బెజవాడ మే నెల ఎండల్లో గంటకు మించి బల్ల మీద వదలొద్దు, మిగిలింది ఫ్రిజ్‌లోకి. మర్నాడు వేడిచేసేటప్పుడు రెండు చెంచాల పాలు చిలకరించి మూత పెట్టండి.