తిరుపతి మిద్దె మీద హవాయి టిక్కు

షార్ట్‌వేవ్‌లో 10 మెగాహెర్ట్జ్ దగ్గర పెడితే సెకనుకొక టిక్కు వినబడుతుంది. పాటలుండవు, వార్తలుండవు, ప్రకటనలు అసలే ఉండవు. అణుగడియారాల సమయాన్ని కొన్ని దేశాలు ఇలా రేడియోలో వదులుతుంటాయి. వినడం పెద్ద కష్టం కాదు. ఆ టిక్కు ఎవరిదో తేల్చడమే కష్టం. కొలరాడో నుంచి డబ్ల్యూడబ్ల్యూవీ, హవాయి నుంచి డబ్ల్యూడబ్ల్యూవీహెచ్, చైనా నుంచి బీపీఎం, అందరూ ఆ 10 మీదే. నాకు పట్టాలనిపించింది హవాయి. తిరుపతికి అది 12,000 కిలోమీటర్ల పైమాటే.

ఎస్సెస్బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, మామూలుగా వినబడని సిగ్నళ్ళను వినిపించే పద్ధతి) ఉన్న చిన్న టెక్సన్ రేడియో సెట్టు ఉంది నా దగ్గర. ఇంట్లో పెడితే ఎల్‌ఈడీ బల్బుల రొద, ఇన్వర్టర్ గీ మనడం తప్ప ఏమీ రాదు. అందుకే మిద్దె ఎక్కాను. వాటర్ ట్యాంకు పక్కనుంచి బట్టలారేసే కమ్మీ దాకా ఒక వైరు లాగి, దాని కొసను సెట్టు ఏరియల్‌కు క్లిప్పు పెట్టి తగిలించాను. కరెంటు పోతే మా వీధంతా తిట్టుకుంటుంది, నేను మాత్రం రేడియో పట్టుకుని పైకి పరిగెత్తుతాను. ఆ కాసేపు బ్యాండు కడిగినట్టుంటుంది.

రాత్రిపూట 10 మీద గట్టిగా వచ్చేది చైనాదే. దాన్ని పట్టడానికి చైనా భాష రానక్కర్లేదు. ప్రతి గంటా 25వ నిమిషంలోనూ 55వ నిమిషంలోనూ టిక్కు ఉన్నట్టుండి సాగిపోయి 'టీ, టీ' అవుతుంది. అప్పుడు వాళ్ళిచ్చేది భూమి తిరుగుడును బట్టి లెక్కగట్టే యూటీ1 సమయం. 29వ, 59వ నిమిషాల్లో మోర్స్‌లో (చుక్కలు, గీతల సంకేత భాషలో) బీపీఎం అని కొట్టి, ఆపైన ఒకావిడ చైనా భాషలో స్టేషన్ పేరు చెబుతుంది. మన టైముకూ యూటీసీకీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయానికీ) తేడా ఐదున్నర గంటలే కాబట్టి, ఈ నిమిషాల గుర్తులు మన గోడ గడియారంలోనూ సరిపోతాయి. ఇంకో తమాషా ఉంది. బీపీఎం తన యూటీసీ టిక్కును 20 మిల్లీసెకన్లు ముందే వదులుతుంది. ఇక్కడికి రావడానికి దానికి పట్టేది పదమూడు, పద్నాలుగు. అంటే చైనా సెకను తిరుపతికి అసలు సెకను కంటే ముందే వచ్చేస్తుంది!

మాస్కో ఆర్‌డబ్ల్యూఎంది వేరే పద్ధతి. 9996 కిలోహెర్ట్జ్ మీద ఉంటుంది, మాట ఉండదు. మామూలుగా పెడితే సెట్టు మూగబోయినట్టుంటుంది. ఎస్సెస్బీ వేసి 9995కు దించితే సన్నగా ఈల వస్తుంది. 9వ, 39వ నిమిషాల్లో మోర్స్ పేరు. అంతే.

మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో పొద్దుగూకాక మాత్రం ఏ స్టేషనైనా ఒణికిపోతుంది. భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్న మన నెత్తిన అయనోస్ఫియర్ (షార్ట్‌వేవ్‌ను కిందికి తిప్పి పంపే పై వాతావరణ పొర) అప్పుడు బుడగలు బుడగలుగా చెదురుతుంది. చిత్తూరు పోయే దారిలో గాదంకి రాడార్ ఉందే, 53 మెగాహెర్ట్జ్‌ది, అక్కడివాళ్ళు చదివే సంగతుల్లో ఇదీ ఒకటి. వాళ్ళు రాడార్‌లో చూసేదాన్ని మనం పది మీటర్ల వైరుతో వినొచ్చు.

హవాయి సంగతికొస్తే, 10 మీద చైనాను దాటి వినడం నావల్ల కాలేదు. దారి చూపించింది టైం టేబులే. హవాయి 15 మెగాహెర్ట్జ్ మీదా వస్తుంది, అక్కడ బీపీఎం యూటీసీ 1 గంటకు గానీ మొదలవదు. మనకు పొద్దున ఆరున్నర. అంతకుముందు అక్కడ చైనా పోటీ లేదు. హవాయిలో అప్పుడు మధ్యాహ్నం, మనకు తెల్లవారే వేళ.

ఆరు గంటలకల్లా మిద్దె మీదున్నాను. కింద పాలాయన మోపెడ్ స్టార్ట్ చేస్తే స్పార్క్ ప్లగ్గు పటపటలు రేడియోలోకే వచ్చాయి. అది సందు తిరిగాక, టిక్కు. చైనా దానికన్నా కొంచెం కీచుగా ఉంది: హవాయిది 1200 హెర్ట్జ్, మిగతా రెండిటిదీ 1000. గుర్తింపు ఖాయం కావాలంటే 45వ సెకను దాకా ఆగాలి. కొలరాడోలో మగ గొంతు నిమిషం నిండడానికి ఏడున్నర సెకన్ల ముందు పలుకుతుంది, హవాయిలో ఆడ గొంతు పదిహేను సెకన్ల ముందే. నలభై మూడు, నలభై నాలుగు... అలల్లో మునిగితేలుతున్నట్టు ఆవిడ గొంతు లేచింది: సున్నా గంటల ముప్పై రెండు నిమిషాలు, యూటీసీ. తర్వాత మగ గొంతు ఏదీ రాలేదు. హవాయే!

"ఫోన్లో టైం ఉండంగా ఇదేం పిచ్చి రా?" అన్నాడు మా బావ. ఫోన్లో టైం ఉంది, హవాయి లేదు కదా. పనిలో పనిగా నాన్న పాత కీ వాచీని ఆ నిమిషం బీపుకు సరిచేశాను. హవాయి నుంచి రావడానికి 40 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది, నా బొటనవేలు వాచీ కీ నొక్కే ఆలస్యం ముందు అదొక లెక్కా!

ఆరున్నరకు చైనా టిక్కు వచ్చి మీద పడింది, ఆవిడ మాట మళ్ళీ అందలేదు. అప్పటిదాకా విన్నదంతా యూటీసీలో రాసి హవాయికి రిపోర్టు పంపాను. సరిగా రాస్తే, విన్నమాట నిజమేనని వాళ్ళు కార్డు పంపుతారు. ఇక కొలరాడో మిగిలింది, కెనడా సీహెచ్‌యూ ఉండనే ఉంది. 7850 కిలోహెర్ట్జ్ మీద ఈ చలికాలం చూడాలి.