గౌరి మెడ మీద గడ్డ

ఈ రోజు మా ఆవు గౌరికి క్షయ అని తేలింది.

మూడు రోజుల క్రితం డాక్టరు గారు దాని మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు గొరిగి, చర్మం మందం కొలిచి, క్షయ ఉందో లేదో తెలిపే ట్యూబర్‌క్యులిన్ సూది వేశారు. ఒకటి పశువుల క్షయకు, రెండోది పోల్చి చూడటానికి పక్షుల క్షయకు. 72 గంటల తర్వాత పక్షులది వేసిన చోట పెద్దగా మార్పు లేదు. పశువులది వేసిన చోట చేతికి గట్టిగా, వెచ్చగా గడ్డ తగిలింది. చర్మం మందం ముందుకంటే 4 మిల్లీమీటర్లకు పైగా పెరిగింది.

కొన్ని నెలలుగా గౌరి చిక్కిపోతోంది. మేత బాగానే తింటోంది కదా, ఈనిన నీరసమే అనుకున్నాము. తెల్లవారుజామున లేవగానే దగ్గేది. ఆ పొడి దగ్గు ఇన్నాళ్లూ విన్నాను, పట్టించుకోలేదు.

నా భయమంతా పాప గురించి. గుమ్మపాలు ఒంటికి బలమని నానమ్మ దానికి నురగతోనే పట్టించేది. ఈ క్రిమి, మైకోబాక్టీరియం బోవిస్, పచ్చిపాలలో మనుషులకు చేరుతుంది. మెడ గ్రంథులకు, పేగులకు పట్టవచ్చు. క్షయకు వాడే ముఖ్యమైన మందుల్లో పైరజినమైడ్ దీని మీద పనిచేయదు. పాలు పొంగేదాకా కాస్తే మాత్రం చచ్చిపోతుంది. ఇంత చిన్న పని మేము చేయలేదు. రేపు పాపను పరీక్షకు తీసుకెళ్తున్నాము. ఇంట్లో అందరమూ చేయించుకుంటాము.

గౌరిని పెరటి చివర విడిగా కట్టాము. తొట్టి కూడా వేరు. కొట్టంలోంచి దూడ అరుస్తూనే ఉంది. నానమ్మ పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు.