శనివారం మాలపల్లి

కడపలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. రాయచోటి, మైదుకూరు వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లే ఎక్కువ. నవల అనగానే వాళ్లు అడిగే మొదటి మాట, "గైడు ఏది కొనాల మేడం?" వాళ్లను ఏమీ అనలేం. పరీక్షలో ఇతివృత్తం, పాత్రచిత్రణ, రచయిత పరిచయం అడుగుతారు. ఆ మూడూ గైడులో దొరికేవే. నవల తెరవాల్సిన అవసరం ఎక్కడుంది?

అందుకే సిలబస్‌తో, మార్కులతో పని లేకుండా, ఇష్టమున్నవాళ్లను కూర్చోబెట్టి శనివారం మధ్యాహ్నాలు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' మొదలుపెట్టాను. జైల్లో రాసిన నవల, 1922లో వచ్చింది, అప్పటి ప్రభుత్వం నిషేధించింది అని చెప్పేసరికి అందరికీ హుషారొచ్చింది. పుస్తకం లావు చూశాక కొందరు మళ్లీ కనబడలేదు.

నోట్సు దగ్గరే అసలు తంటా వచ్చింది. ఒకమ్మాయి జిరాక్సు కాపీ తెరిస్తే పేజీకి పేజీ పసుపు హైలైటరే. ఇందులో ముఖ్యమైనదేదంటే "అన్నీ ముఖ్యమే మేడం" అంది. మిగతావాళ్లు కథను కుదించి రాసుకొచ్చారు, అంటే ఎవరి గైడు వాళ్లే తయారు చేసుకున్నారన్నమాట. అప్పుడు లాంగ్ నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత గీయించాను. ఎడమవైపు నవలలోని వాక్యం, ఒక్క అక్షరం మార్చకుండా. కుడివైపు దాన్ని చదివినప్పుడు వచ్చిన అనుమానం. కథ రాయకూడదు. 'హృదయ విదారకం', 'కళ్లకు కట్టినట్లు' లాంటి మాటలు కనిపిస్తే నేనే కొట్టేస్తాను. అనుమానం రాకపోతే కుడివైపు ఖాళీగా వదిలెయ్యమన్నాను. చాలా రోజులు ఖాళీగానే ఉంది కూడా.

పుట సంఖ్యలు ఇంకో తలనొప్పి. కొందరి దగ్గర లైబ్రరీ పుస్తకం, కొందరి ఫోన్లో పీడీఎఫ్. ఒకరు చెప్పిన పుట ఇంకొకరికి దొరకదు. అందుకని ప్రకరణం పేరు కూడా రాసుకోవడం అలవాటు చేశాం. గుంటూరు వైపు వాడుక మాటలు మా పిల్లలకు కొత్త. వాటికి నోట్‌బుక్ చివర ఒక పేజీ కేటాయించారు.

పాత్రకొక పేజీ పెట్టమన్నాక చదువు తీరే మారింది. రామదాసు పెద్దకొడుకు వెంకటదాసు తర్వాత తక్కెళ్ళ జగ్గడై, ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెడతాడు. అక్కడికి వచ్చేసరికి మైదుకూరు పిల్లోడు అడిగాడు: "జగ్గనికి కొత్త పేజీ పెట్టాల్నా మేడం, వెంకటదాసు పేజీలోనే రాయాల్నా?" నేను జవాబు చెప్పలేదు. ఒకే మనిషి కదా, పాతదే చాలన్నారు కొందరు. తమ్ముడు సంగదాసు పోయిన తర్వాత ఆ మనిషి ఎట్ల ఒకటవుతాడని ఇంకొందరు. వాళ్ల వాదన తేలాలంటే వెంకటదాసు అంతకుముందు ఏమన్నాడో చూడాలి. ఎవరూ చెప్పకుండానే అందరూ వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. నాకు కావలసింది అదే.

హైలైటరు అమ్మాయి కుడివైపు గడిలో తొలిసారి రాసిన ప్రశ్న ఇది: "భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు సచ్చిపోయినాడు. మరి నవల రెండో పేరు సంగవిజయం ఏంది? గెలిచింది ఎవరు?" ఏ గైడులోనూ ఇలాంటి ప్రశ్న నేను చూడలేదు. సంగదాసు చనిపోయాక అతని పేరు ఎక్కడెక్కడ వస్తుందో, ఎవరి నోట వస్తుందో వెతికి రమ్మన్నాను. రెండు వారాలు అదే పని. కొందరికి విజయం కనబడింది, ఆ అమ్మాయికి మాత్రం ఇప్పటికీ కనబడలేదు. తన వాక్యాలు తన దగ్గరున్నాయి కాబట్టి ఎవరెంత అరిచినా తగ్గలేదు.

ఈమధ్య తెలిసిందేమిటంటే, జూనియర్లు ఆ నోట్‌బుక్కులు అడిగి తీసుకుని జిరాక్సు తీయిస్తున్నారట, గీతకు కుడివైపు కూడా కలిపి. ఈ ఏడాదికి నవల మార్చేశాను.